పది రూపాయల బల్బు వెనుక పనితనం

2014 ఫిబ్రవరిలో ఏడు వాట్ల ఎల్ఈడీ బల్బు ఒక్కోటి టెండరులో 310 రూపాయలు పలికింది. కొన్నది కేంద్ర విద్యుత్ శాఖ కింద పనిచేసే ఈఈఎస్ఎల్. 2016 గడిచేలోగా అదే సంస్థ తొమ్మిది వాట్ల బల్బును, అంటే అంతకంటే ఎక్కువ వెలుగిచ్చేదాన్ని, పన్నులు కాక 38 రూపాయలకు కొంది. నడుమ దిగిన మెట్లు ఇవి: 2015 మధ్యలో 73, 2016 జనవరిలో 64 రూపాయల 41 పైసలు, మార్చిలో 54 రూపాయల 90 పైసలు. మూడేళ్లయినా నిండకుండా ఒక వస్తువు ధర ఎనిమిదో వంతుకు దిగింది. ఆ దిగడంలో కొంత కాలం కలిసొచ్చిన మాట నిజం. మిగతాదంతా ఎవరో కూర్చుని, లెక్కలు కట్టి, షరతులు రాసి దించినదే.

టెండరు పత్రాన్ని మెచ్చుకుంటూ వ్యాసం రాయడం కాస్త విడ్డూరంగానే ఉంటుంది. నేతలోనో శిల్పంలోనో చూసే నైపుణ్యాన్ని కరెంటాఫీసు కాగితాల్లో వెతకడం మనకు అలవాటు లేదు. అయినా ఈ దేశంలో ఇంధనం పొదుపు పేరిట జరిగిన పనుల్లో నాకు పదే పదే విప్పి చూడాలనిపించేది ఈ బల్బుల బేరమే. ఇందులో కొత్త యంత్రమేదీ కనిపెట్టలేదు. లైట్లు ఆర్పండి, భూమిని కాపాడండి అన్న పోస్టరు మీద ఆశ పెట్టుకోలేదు. కేంద్రం బల్బుకింత అని సబ్సిడీ కూడా ఇవ్వలేదు. ఎవరి డబ్బు ఎప్పుడు ఎవరికి చేరాలన్నది తీరుగా అమర్చారు, అంతే. ఆ అమరికను దగ్గరగా చూడాలి.

ముందు బల్బునే విప్పుదాం. పైన తెల్లటి పాలికార్బొనేట్ బుడ్డి. దాన్ని ఊడదీస్తే లోపల గుండ్రటి అల్యూమినియం పలక, పలక మీద చిన్న చిన్న పసుపు చుక్కలు. ఆ చుక్కల్లో పుట్టేది నిజానికి నీలి వెలుగు. పైన పూసిన ఫాస్ఫర్ అందులో కొంత భాగాన్ని పసుపుగా మారుస్తుంది. రెండూ కలిసి కంటికి తెల్లగా తోస్తాయి. ఆ నీలి ఎల్ఈడీని సాధించినందుకే ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజీ నకమురాలకు భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ సంగతి ప్రకటించింది 2014 అక్టోబరు 7న. అప్పటికే పుదుచ్చేరి ఇళ్లకు ఈఈఎస్ఎల్ కొన్న బల్బులు చేరాయి.

పలక కింద ఓ చిన్న సర్క్యూట్ బోర్డు ఉంటుంది. మెకానిక్కులు దాన్ని డ్రైవర్ అంటారు. ఇంటి ఏసీ కరెంటును డీసీగా మార్చి చుక్కలకు అందించేది అదే. ఎల్ఈడీ బల్బు ఏడాది తిరక్కుండా పోయిందంటే చాలాసార్లు నేరం చుక్కలది కాదు. డ్రైవర్‌లోని కెపాసిటర్ ఉడికిపోయి ఉంటుంది, లేదా పలక మరీ పలచనై వేడి బయటికి పోయే దారి లేక లోపలే మగ్గి ఉంటుంది. చుక్కలు సాధారణంగా ఒకే వరుసలో కలిపి ఉంటాయి కనుక ఒక్కటి మాడితే చాలు, బల్బంతా ఆరిపోతుంది. ధర తగ్గించాలనుకునే తయారీదారు కోత పెట్టేది సరిగ్గా ఈ రెండు చోట్లే. కొన్న పూట ఆ కోత ఎవరికీ కనపడదు.

టెండరు రాసినవాళ్లకు ఈ లోపలి సంగతులు బాగా తెలుసు. మూడేళ్లలోగా పాడైతే ఉచితంగా మార్చివ్వాలన్నారు. దాంతో కెపాసిటర్లో నాలుగు రూపాయలు మిగుల్చుకుందామనే కంపెనీకి రేపు మార్చివ్వాల్సిన బల్బు గుర్తుకొస్తుంది. పవర్ ఫ్యాక్టర్ 0.9కి తగ్గకూడదన్నారు. ఇంటివాళ్లకు ఈ షరతుతో పనే లేదు, వాళ్ల మీటర్లో ఆ తేడా కనిపించదు. కానీ అది తక్కువగా ఉన్న బల్బులు లక్షల్లో వెలిగితే తీగల మీదా ట్రాన్స్‌ఫార్మర్ల మీదా వృథా బరువు పడుతుంది, ఆ నష్టం కరెంటు పంచే డిస్కం మోయాలి. వాడేవాడు ఎన్నడూ అడగని గుణాన్ని వస్తువులో పట్టుబట్టి పెట్టించడం నాకు ముచ్చటగా అనిపించే విషయాల్లో ఒకటి.

ఇంత జాగ్రత్త ఊరికే రాలేదు. అంతకు ముందొక ప్రయత్నం జరిగి దెబ్బతింది. దాని తొలి అడుగుల్లో ఒకటి పడింది విశాఖపట్నంలోనే. మామూలు బల్బులు తీసుకుని ఇళ్లకు సీఎఫ్ఎల్‌లు ఇచ్చి, తగ్గిన కాలుష్యాన్ని కార్బన్ క్రెడిట్లుగా అమ్ముకుని ఖర్చు రాబట్టుకోవాలన్నది ఆలోచన. ఆస్రామ్ కంపెనీ చేపట్టిన విశాఖ ప్రాజెక్టు 2009లో ఐక్యరాజ్యసమితి క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజం కింద నమోదైంది. అదే బాటలో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ దేశమంతటికీ బచత్ లాంప్ యోజన తెచ్చింది. సీఎఫ్ఎల్ 15 రూపాయలకే ఇవ్వాలి, మిగతా ఖర్చు యూరప్‌లో క్రెడిట్లు కొనేవాళ్లు భరిస్తారు. కాగితం మీద ముచ్చటైన లెక్క. నడిపించబోతే ఎంచుకున్న ఇళ్లలో బల్బు రోజుకు ఎన్ని గంటలు వెలిగిందో కొలవాలి, వెనక్కి తీసుకున్న పాత బల్బుల్ని పగలగొట్టినట్టు రుజువు చూపాలి, ఆడిటర్లు రావాలి. అన్నీ చేసినా, 2008లో టన్నుకు 20 యూరోలు దాటిన క్రెడిట్ ధర 2012 చివరికి ఒక్క యూరో కంటే కిందికి జారింది. ఎక్కడో యూరప్ మార్కెట్ కుంగితే ఇక్కడ విశాఖ కంచరపాలెంలో ఇవ్వాల్సిన బల్బు ఆగిపోయే ఏర్పాటు అది. పని మంచిదే, చేసినవాళ్ల మనసూ మంచిదే. డబ్బు వచ్చే తావు మాత్రం ఎవరి చేతిలోనూ లేదు.

తర్వాత వచ్చినవాళ్లు కార్బన్ సంగతి పక్కన పెట్టేశారు. డబ్బు కోసం వీధి చివరి కరెంటాఫీసు వైపే చూశారు. ఆ చూపులో ఉన్న తెలివి అర్థం కావాలంటే చిన్న లెక్క వేయాలి.

అరవై వాట్ల మామూలు బల్బు, మన ఊళ్లలో అరవై క్యాండిల్ బల్బు అనేది, రోజుకు ఐదు గంటలు వెలుగుతుందనుకుందాం. దాని బదులు ఏడు వాట్ల ఎల్ఈడీ పెడితే వెలిగినంతసేపూ 53 వాట్లు మిగులుతాయి. ఏడాదికి దాదాపు 97 యూనిట్లు. ఇప్పుడు దీన్ని ఇంటివైపు నుంచి కాక డిస్కం వైపు నుంచి చూడండి. ఉమ్మడి రాష్ట్రం విడిపోయే నాటికి నెలకు యాభై యూనిట్లలోపు వాడే ఇంటికి యూనిట్ 1 రూపాయి 45 పైసలకు ఇచ్చేవారు. ఆ యూనిట్‌ను కొని, మోసుకొచ్చి, ఇంటి దాకా చేర్చడానికి డిస్కంకు అయ్యేది అంతకు మూడింతల పైమాటే. పేదింట్లో బల్బు వెలిగిన ప్రతి గంటా డిస్కంకు నష్టం. ఆ తేడాను ప్రభుత్వం ఎప్పుడో సబ్సిడీగా పూడుస్తుంది, అదీ ఆలస్యంగా. పైగా బల్బులు వెలిగేది సాయంత్రం ఆరు నుంచి పది దాకా, అంటే రాష్ట్రమంతా ఒక్కసారిగా కరెంటు అడిగే వేళ. అప్పుడు బయట కొనే కరెంటు మరీ ఖరీదు.

కాబట్టి పేదింటికి బల్బు ఊరికే ఇచ్చినా డిస్కంకు లాభమే. ఈ ఒక్క వాక్యం చుట్టూనే మొత్తం బేరం అల్లుకుంది. బిల్లు తగ్గి ఇంటివాళ్లు లాభపడతారు, నష్టానికి అమ్మే యూనిట్లు తగ్గి డిస్కం లాభపడుతుంది, లక్షల్లో ఆర్డరు దొరికి తయారీదారు లాభపడతాడు. కొరత ఒక్కటే: ఈ ముగ్గురిలో ముందుగా డబ్బు పెట్టగలవాడు లేడు. ఇంటివాళ్లకు నాలుగైదు వందలు పెట్టి దుకాణంలో బల్బు కొనే స్తోమత లేదు. డిస్కంలు అప్పుల్లో ఉన్నాయి. కంపెనీ సరుకిచ్చి ఏళ్ల తరబడి డబ్బు కోసం ఎదురుచూడదు. ఆ ఖాళీలో ఈఈఎస్ఎల్ కూర్చుంది. 2009 డిసెంబరులో ఎన్‌టీపీసీ, పవర్‌గ్రిడ్, పవర్ ఫైనాన్స్ కార్పొరేషన్, రూరల్ ఎలక్ట్రిఫికేషన్ కార్పొరేషన్ కలిసి పెట్టిన సంస్థ ఇది. కరెంటు తయారుచేసి అమ్మేవాళ్లు, మోసేవాళ్లు, దానికి అప్పులిచ్చేవాళ్లు కలిసి కరెంటు వాడకం తగ్గించే కంపెనీని పెట్టారన్నమాట. ఇందులో ఉన్న చమత్కారం వాళ్లకు తట్టిందో లేదో గానీ, ఆ నాలుగు పేర్ల బలంతోనే దానికి తక్కువ వడ్డీకి అప్పు పుట్టింది.

ఈఈఎస్ఎల్ ముందు డబ్బు పెట్టి బల్బులు కొనేది. డిస్కం తన మిగులులోంచి వాయిదాలుగా తీర్చేది. మరోరకం ఏర్పాటులో ఇంటివాళ్లే ముందు పది రూపాయలిచ్చి, మిగతాది నెలకు పది రూపాయల చొప్పున కరెంటు బిల్లుతో కలిపి కట్టేవారు. ఢిల్లీలో 2015లో ఇలాగే మొదలైంది. నెలకు పది కట్టినా, బల్బు వల్ల బిల్లులో తగ్గేది అంతకంటే ఎక్కువ కనుక జేబుకు తెలియదు. మంచి వడ్రంగి బిగించిన ద్వారబంధంలో మేకు కనపడదు, కొయ్యే కొయ్యను పట్టుకుని నిలుస్తుంది. ఇక్కడా అంతే. ఎవరి త్యాగమూ అక్కర్లేకుండా ఒకరి లాభం ఇంకొకరి లాభాన్ని పట్టి నిలబెట్టింది.

ఇక టెండర్ల పని. 2013 నుంచి ఈఈఎస్ఎల్‌ను నడిపిన సౌరభ్ కుమార్ బృందం అవసరాన్నంతా ఒకచోట కుప్ప పోసింది. 2016 మార్చి నాటి టెండరు ఒక్కటే ఐదు కోట్ల బల్బులకు. అయితే అయిదేళ్లకు సరిపడా ఒకేసారి కొనేయలేదు, ఏడాదిలో పలుమార్లు టెండర్లు పిలిచారు. ఎల్ఈడీ చిప్పుల ధర ప్రపంచమంతటా పడిపోతున్న రోజులవి. ఒకేసారి కొని ఉంటే ఆ తగ్గుదల కంపెనీల జేబులోకి పోయేది. మాటిమాటికీ పిలవడంతో ప్రతి మెట్టూ కొనేవాడికి దక్కింది. తక్కువ ధర చెప్పిన ఒక్కడికే మొత్తం కట్టబెట్టనూ లేదు. ఆ ధరకు దిగిరాగల మిగతావాళ్లకూ వాటా ఇచ్చారు. ఒక్కడికే ఇస్తే సరుకు ఆలస్యమవుతుంది, మరుసటి టెండరు నాటికి పోటీయే మిగలదు. ఓడినవాణ్ని కూడా ఆటలో ఉంచడం టెండరు రాతలో అరుదైన నేర్పు.

కంపెనీలు 38 రూపాయలకు ఎలా ఇచ్చాయన్న అనుమానం సహజమే. దుకాణంలో అమ్మే బల్బు ధరలో బల్బు ఖరీదు ఒక భాగం మాత్రమే. టీవీ ప్రకటన, డిస్ట్రిబ్యూటర్ కమీషన్, దుకాణదారు లాభం, అమ్ముడుపోక ఆగిన సరుకు మీద వడ్డీ, అన్నీ అందులో ఉంటాయి. కోట్లలో ఆర్డరు ఇచ్చి, అమ్మే పని తనమీద వేసుకుని, డబ్బుకు హామీగా నిలబడేవాడు దొరికితే అవన్నీ రాలిపోతాయి. చిప్పుల ధర ఎలాగూ తగ్గేది, పథకం గొప్పేముందని అనేవాళ్లున్నారు. సగం ఒప్పుకుంటాను. చిప్పు ధర ప్రపంచమంతా తగ్గింది. ఫ్యాక్టరీ ధరకూ దుకాణం ధరకూ నడుమ ఉన్న అగాధం మాత్రం దానంతట అది పూడదు. దాన్ని పూడ్చిన పని ఈ టెండర్లది. దేశంలో నెలకు లక్ష ఉన్న ఎల్ఈడీ బల్బుల తయారీ నెలకు నాలుగు కోట్లకు చేరిందని కేంద్రం చెబుతుంది. అంత పెద్ద మార్కెట్ ఏర్పడ్డాక పథకం బయట, కిరాణా కొట్లో బల్బు ధర కూడా దిగక తప్పలేదు.

2014 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లాల్లో పంపిణీ మొదలైంది. దేశవ్యాప్తంగా ప్రధాని ప్రారంభించింది ఆ తర్వాత, 2015 జనవరి 5న. పథకానికి ఉజాలా అన్న పేరూ ఆనక స్థిరపడిందే. మన దగ్గర అప్పటి పద్ధతి చాలా తేలిక. ఇంటికి రెండు బల్బులు, ఒక్కోదానికి పది రూపాయలు, బదులుగా పాత మామూలు బల్బు తెచ్చి ఇవ్వాలి. డిస్కం మిగతాది చూసుకునేది. పాత బల్బు అడగడం ఎవరికో తోచిన పిసినారితనంలా కనిపిస్తుంది గానీ అందులోనే అసలు కిటుకు ఉంది. అడగకపోతే కొత్త బల్బు హాల్లోకి, అరవై క్యాండిల్ బల్బు పెరట్లోకి వెళ్తాయి. ఇల్లు కాస్త వెలుగుతుంది, మీటరు మునుపటి కంటే ఎక్కువ తిరుగుతుంది. పది రూపాయలు పెట్టడమూ ఆలోచించి చేసిందే. పూర్తిగా ఊరికే ఇస్తే అక్కర్లేనివాళ్లూ పట్టుకెళ్తారు. పది రూపాయలిచ్చి, కాలిపోని బల్బు ఊడదీసి, కరెంటు బిల్లు కాగితం పట్టుకుని వరుసలో నిలబడినవాళ్లు దాన్ని హోల్డరులో పెట్టుకోవడానికే వచ్చారని నమ్మొచ్చు.

ఇదే ఏర్పాటును వీధిలోకి తీసుకెళ్లిన కథ కూడా విశాఖదే. నోబెల్ ప్రకటన వెలువడిన ఐదో రోజున, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను నగరాన్ని చావగొట్టింది. స్తంభాలు విరిగాయి, దీపాలు ఎగిరిపోయాయి. ఎలాగూ మార్చాల్సిందే కదా అని పాత సోడియం దీపాల జోలికి పోకుండా నగరమంతటా 90 వేలకు పైగా ఎల్ఈడీ వీధి దీపాలు బిగించారు. నగరపాలక సంస్థ ముందుగా పెట్టుబడి పెట్టనక్కర్లేదు. ఈఈఎస్ఎల్ పెట్టి, ఏడేళ్ల పాటు నిర్వహణ కూడా చూడాలి, తగ్గిన కరెంటు బిల్లులోంచి నగరపాలక సంస్థ వాయిదాలు కట్టాలి అన్నది అప్పటి ఏర్పాటు. తుపాను నష్టపరిహారం కోసం కాగితాలు నడుస్తున్న రోజుల్లో, విరిగిన స్తంభం మీద ఏ దీపం పెట్టాలన్నది ఆలోచించిన అధికారులెవరో వాళ్లకు ఇంకాస్త పేరు దక్కాల్సింది. తర్వాత దేశమంతా సాగిన వీధి దీపాల కార్యక్రమానికి విశాఖ చూపుడు నమూనా అయింది.

రైతు పంపుసెట్ల మీద కూడా ఇదే లెక్క వేశారు. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం కనుక మంచి మోటారు కొనడానికి రైతుకు కారణం లేదు, ఆ భారం మోసే డిస్కంకు ఉంది. తూర్పు గోదావరి రాజానగరం మండలంలో పాత పంపులు తీసి కొత్తవి రైతుకు ఖర్చు లేకుండా బిగించారు. అది బల్బులంత వేగంగా వ్యాపించలేదు. పంపు అన్నది నీటి మట్టం, బోరు లోతు, పైపు వంపు అన్నిటితో ముడిపడిన వస్తువు. ఊరంతటికీ ఒకే కొలత సరిపోదు.

లెక్కల దగ్గర నాకు కొంత పేచీ ఉంది. 2022 జనవరి నాటికి 36.78 కోట్ల బల్బులు ఇచ్చామనీ, ఏడాదికి 4,777 కోట్ల యూనిట్లు మిగిలాయనీ, సాయంత్రపు గిరాకీ 9,565 మెగావాట్లు తగ్గిందనీ, 3.86 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ ఆగిందనీ ప్రభుత్వం ప్రకటించింది. మొదటి రెండు అంకెల్ని భాగిస్తే బల్బుకు ఏడాదికి 130 యూనిట్లు వస్తుంది. నేను పైన వేసింది 97. అంటే వాళ్లు బల్బు రోజుకు దాదాపు ఆరున్నర, ఏడు గంటలు వెలుగుతుందనో, ఇంకా పెద్ద బల్బును తీసేశామనో అనుకున్నారు. ఇది మీటరు చూసి రాసిన అంకె కాదు, ఊహ మీద కట్టింది. రిపేరుకు నోచుకోక చెత్తలోకి పోయినవీ, పెట్టెలోనే ఉండిపోయినవీ, వెలుగు చవకైందని రాత్రంతా వెలిగించి ఉంచినవీ ఇందులోంచి తీసేయాలి. మెగావాట్ల అంకె మాత్రం నిదానంగానే ఉంది. బల్బుకు 26 వాట్లే పడుతుంది, అంటే సాయంత్రం వేళ సగం బల్బులే వెలుగుతాయని లెక్కించినట్టు. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రం, 800 మెగావాట్ల కొత్త యూనిట్ చేరక ముందు, 1,760 మెగావాట్లది. ఎంత కోత కోసుకున్నా అలాంటి మూడు నాలుగు కేంద్రాలు కట్టాల్సిన అవసరం తప్పిందంటే నేను నమ్ముతాను. ఆ మూడు నాలుగింటికీ బొగ్గు, నీళ్లు, బూడిద చెరువుకు భూమి ఎవరో ఒకరు ఇవ్వాల్సి వచ్చేది.

ఈ బేరం అన్నిచోట్లా గట్టిగా నిలవలేదు. వీధి దీపాల దగ్గర వదులైంది. బల్బు ఇచ్చిన ఇంటికి నెలనెలా బిల్లు వెళ్తుంది, కట్టకపోతే ఫ్యూజు పీకుతారు. మున్సిపాలిటీకి ఎవరు ఫ్యూజు పీకుతారు? దీపాలు మారాయి, కరెంటు బిల్లు తగ్గింది, తగ్గిన డబ్బు వేరే ఖర్చులకు పోయింది, వాయిదాలు నిలిచిపోయాయి. దేశవ్యాప్తంగా స్థానిక సంస్థల బాకీలు పేరుకుని ఈఈఎస్ఎల్ మెడకు చుట్టుకున్నాయి. బాకీ తీరనిచోట నిర్వహణ కుంటుపడింది, ఆరిన దీపం ఆరినట్టే ఉంది. మిగులు ఒక ఖాతాలో పడి, అప్పు ఇంకో ఖాతాలో ఉంటే రెంటినీ కలిపే తాడు ఏదో ఒకటి రాసుకోవాలి. ఇళ్ల విషయంలో బిల్లు ఆ పని చేసింది. మున్సిపాలిటీల విషయంలో రాసుకున్న కాగితానికి అంత పట్టు లేకపోయింది.

ఇంకో వదులు బజారులో బయటపడింది. ధర కుప్పకూలాక పేరూ ఊరూ లేని బల్బులు కుప్పలుగా వచ్చాయి. 2017లో లైటింగ్ తయారీదారుల సంఘం కోసం నీల్సన్ సంస్థ హైదరాబాద్‌తో సహా నాలుగు నగరాల్లో 200 దుకాణాలు చూసి, 76 శాతం బ్రాండ్లు భద్రతా ప్రమాణాలు పాటించడం లేదని తేల్చింది. సంఘం పెద్ద కంపెనీలది కనుక ఆ అంకెను కొంచెం తగ్గించి చదువుకోవచ్చు, విషయం మాత్రం అబద్ధం కాదు. 2018 నుంచి ఎల్ఈడీ బల్బుకు స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు. కొనుగోలు ముందు నడిచి, చట్టం వెనక రావడం ఇక్కడ నాకు నచ్చిన వరుస. బల్బు 400 రూపాయలున్న రోజుల్లో లేబుల్ తప్పనిసరి చేసి ఉంటే పేదవాడు అరవై క్యాండిల్ బల్బే కొనుక్కునేవాడు. చవకయ్యాక చేస్తే నాసిరకం ఏరివేయడానికి పనికొచ్చింది. చెడిపోయిన కోట్ల బల్బుల్ని వెనక్కి తీసుకునే ఏర్పాటు మాత్రం పథకంలో ఎవరూ గట్టిగా రాయలేదు. సీఎఫ్ఎల్‌లా పాదరసం లేదు కనుక ఫరవాలేదనుకున్నారేమో. సర్క్యూట్ బోర్డూ అల్యూమినియమూ ఇవాళ ఊరి చెత్తకుప్పలో కలుస్తున్నాయి.

కార్బన్ క్రెడిట్లు మళ్లీ ఒకసారి తలెత్తాయి. 2021 మార్చిలో బిహార్‌లోని ఆరాలో గ్రామ్ ఉజాలా మొదలైంది. పాత బల్బు ఇస్తే 7 లేదా 12 వాట్ల ఎల్ఈడీ పది రూపాయలకే ఇచ్చారు, మిగతా ఖర్చు క్రెడిట్లు అమ్మి రాబట్టుకోవాలన్నది ఏర్పాటు. తొలి విడతలో ఎంచుకున్న ప్రాంతాల్లో విజయవాడ కూడా ఉంది. అంతకు పన్నెండేళ్ల ముందు విశాఖలో తడబడిన లెక్కే ఇది. తేడా అంతా బల్బు ధరలోనే ఉంది. బల్బే ఇంత చవకయ్యాక, క్రెడిట్ ధర కొంచెం అటూ ఇటూ అయినా బేరం కూలిపోదు. పాత ఆలోచన పనికిమాలినదేం కాదు, దాని కింద గట్టి నేల అప్పటికి ఏర్పడలేదంతే.

ఇప్పుడు ఈఈఎస్ఎల్ చేతిలో ఫ్యాను ఉంది. మన ఎండాకాలానికి బల్బు కంటే ఇదే పెద్ద వస్తువు. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ మోటారు ఫ్యాను 30 వాట్ల దగ్గర అదే గాలినిస్తుంది. రోజుకు పన్నెండు గంటలు, ఏడాదిలో తొమ్మిది నెలలు తిరుగుతుందనుకుంటే 145 యూనిట్లకు పైగా మిగులుతాయి, బల్బు కంటే ఎక్కువ. 2023 జనవరి నుంచి ఫ్యాన్లకూ స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది. అదే ఏడాది నవంబరులో కోటి ఫ్యాన్ల లక్ష్యంతో ఈఈఎస్ఎల్ కార్యక్రమం ప్రకటించింది. ఈసారి పని కష్టం. మోటారులో రాగి, అయస్కాంతాలు ఉంటాయి, వాటి ధర చిప్పు ధరలా ఏటా పడిపోదు. మామూలు ఫ్యానుకు దాదాపు రెట్టింపు పెట్టాలి కనుక నెలకు పది రూపాయల వాయిదా సరిపోదు, ఏళ్ల తరబడి సాగే అప్పు కావాలి, అద్దెకుండేవాళ్లకు అది ఇంకా చిక్కు. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది, బల్బు మాడిపోతుంది గానీ ఫ్యాను పాడవదు. పెళ్లినాడు మామగారు కొనిచ్చింది పాతికేళ్లకు కూడా తిరుగుతూనే ఉంటుంది. పాత బల్బు తెచ్చి ఇమ్మన్నట్టే పాత ఫ్యానునూ తెచ్చి ఇమ్మనాలి, ఇనప సామాను ధర కంటే కాస్త ఎక్కువ కట్టివ్వాలి. ఆ షరతు రాయకపోతే కొత్తది పడకగదిలో, పాతది వంటింట్లో తిరుగుతాయి.